సింగారికి అడ్డమెవరు?

కిరీటికి లోకంలో ఒకే ఒక్క కష్టం. ఆ కష్టం పేరు ఓబులేసు.

ఇద్దరూ చుక్కలగుట్ట మీద మస్తాన్ సాహెబు గారి శిష్యులు. ఒకే గదిలో పడుకునేవాళ్లు, ఒకే కుండలో నీళ్లు తాగేవాళ్లు, ఒకే దుర్భిణిలోంచి ఆకాశం చూసేవాళ్లు. కిరీటి మెరుపు. ఓబులేసు ఆ మెరుపు తర్వాత ఎప్పటికో వినిపించే ఉరుము. ఒక్కోసారి ఆ ఉరుము మర్నాడు వినిపించేది.

సాహెబు గారు ఒకప్పుడు కిందూళ్లో బడిపిల్లలకు సైన్సు చెప్పేవారు. భార్య పోయాక బడి మానేసి గుట్టెక్కారు. పైన పాడుబడ్డ కాపలాగది ఒకటుంటే దానికి సున్నం కొట్టించి, తన చేత్తోనే అద్దం అరగదీసి దుర్భిణి చేసుకున్నారు. వేళకు నమాజు, పగలంతా అద్దాలు తుడుచుకోవడం, పొద్దు గూకితే చుక్కలు. అంతకుముందు ఆ గుట్టను తేళ్లగుట్ట అనేవాళ్లు. తేళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పేరు మాత్రం చుక్కలకు పోయింది.

ఆ సీమలో చదువు చెప్పేవాళ్లు ఎవరైనా అయ్యవారే. కిందూరివాళ్లూ శిష్యులూ అందరూ ఆయన్ని అయ్యవారనే పిలిచేవాళ్లు.

గుట్ట మీద ఒక కట్టుబాటు ఉండేది. చుక్కను ఒక్కడే చూస్తే చెల్లదు, జంటగా చూడాలి.

కొన్ని చుక్కలు మసకబారి మళ్లీ వెలుగుతుంటాయి, అలిగి మళ్లీ నవ్వినట్టు. వాటి వెలుగు ఎంతో తెలియాలంటే పక్కనున్న మారని చుక్కలతో పోల్చి చూడాలి. ఒకడు చూసి, ఎంత వెలుగనిపిస్తే అన్ని చింతగింజలు గుప్పిట్లో దాచుకుంటాడు. తర్వాత రెండోవాడు చూసి తన గింజలు దాచుకుంటాడు. ఆపైన ఇద్దరూ ఒక్కసారే గుప్పిట తెరవాలి. గింజలు కలిస్తే ఆనాటి లెక్క నిలిచినట్టు. కలవకపోతే మళ్లీ మొదటికి.

"ఒకడి మాట ఇంకొకడి కంట్లో పడకూడదు నాయనా. నలుసు పడితే తీయొచ్చు. మాట పడితే తీయలేం," అనేవారు అయ్యవారు.

కిరీటి కన్ను పెట్టీ పెట్టకముందే గింజలు తీసేవాడు. తర్వాత ఓబులేసు వంతు వచ్చేది. ఓబులేసు ముందు తువ్వాలుతో కన్ను తుడుచుకునేవాడు. తర్వాత ఉత్త కంటితో ఆకాశం చూసేవాడు. అదేమంటే, "దారి చూసుకుంటాండా," అనేవాడు. తర్వాత పీట జరుపుకునేవాడు. మళ్లీ వెనక్కి జరుపుకునేవాడు. ఆ తర్వాత దుర్భిణికి కన్ను ఆనించేవాడు. అప్పుడు గనక పొయ్యి మీద బెల్లం పెట్టి ఉంటే, తీగపాకం దాటి ముదురుపాకం దాటి గిన్నె మాడిపోయేది.

"రేయ్, చూసినావా?"

"చూస్తాండా."

"ఏం చూస్తాండావురా అంతసేపు? అదేమన్నా పెళ్లికూతురా?"

ఓబులేసు కన్ను తీయకుండానే ఆలోచించేవాడు. చివరికి అనేవాడు, "పెళ్లికూతురైతే ఇంతసేపు చూడనీరప్పా."

కిరీటి గుప్పిట్లో గింజలు చెమటకు తడిసిపోయేవి.

వాళ్లిద్దరికీ అయ్యవారు అప్పజెప్పిన చుక్క ఒకటుంది. పడమటి దిక్కున, పొద్దు గూకి కాస్త చీకటి పడగానే కనిపించేది. లెక్కల్లో దానికేదో అంకె. కిరీటికి అంకెలతో ప్రేమ కుదరదు. దానికి 'సింగారి' అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు నోట్లో అనుకున్నప్పుడల్లా లోపల ఎక్కడో గజ్జె ఘల్లుమనేది.

పేరు ఊరికే పెట్టలేదు. అయ్యవారి దగ్గర పట్టకం బిగించిన పెట్టె ఒకటుంది. చుక్క వెలుగును దానిలోంచి పంపితే ఇంద్రధనుస్సులాగా విచ్చుకుంటుంది. ఆ రంగుల మీద నల్లగీతలు కనిపిస్తాయి. ఏ ఇంటి ముగ్గు ఆ ఇంటిదైనట్టు, ఏ లోహం గీతలు ఆ లోహానివే. మామూలు తెల్లచుక్కల్లో గీతలు తక్కువ. ఉన్నవి కూడా తడి కాగితం మీద సిరాలాగా పాకిపోయి ఉంటాయి.

సింగారి గీతలు అలా కాదు. సూదిమొనతో గీసినట్టు ఉంటాయి. అవీ ఒకటా రెండా! క్రోమియం, స్ట్రాన్షియం, ఇంకా పలకబోతే నాలుక మడతపడే అరుదైన లోహాలు ఎన్నో. ఆకాశంలో ఎవరూ వేసుకోనన్ని నగలు సింగారి ఒంటి మీద ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. ఆ గీతలన్నీ కలిసి కొన్నాళ్లు ఇటు, కొన్నాళ్లు అటు ఉయ్యాలలా జరిగేవి. అంటే సింగారి ఒంటరిది కాదు. కంటికి కనపడని తోడుచుక్క ఒకటి పక్కనే ఉంది. ఆడపిల్లలు చేతులు పెనవేసుకుని ఒప్పులకుప్ప తిరిగినట్టు, ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ తిరుగుతున్నారు.

అయినా సింగారి ఉండుండి మసకబారేది. కొన్నాళ్లకు మళ్లీ కళకళలాడేది. మళ్లీ మసకబారేది.

ఎందుకు?

కిరీటికి ఆ ప్రశ్నతో ఆకలి తగ్గింది. ఒకరోజు గుట్ట అంచున కూర్చుని ఆలోచిస్తుంటే జవాబు గుండెలోకి దానంతటదే వచ్చి వాలింది. తోడుచుక్క! ఆ నల్లటిదే, కనపడనిదే, సింగారి ముందుకొచ్చి నిలబడుతోంది. ఇంత సింగారించుకుని ఏం లాభం, పక్కనుండేదే అడ్డం నిలబడితే!

కిరీటి కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ఓబులేసు వచ్చి, ఎండకు అడ్డంగా నిలబడి, "ఏమప్పా, కంట్లో ఏమన్నా పడిందా?" అన్నాడు.

కిరీటి తలెత్తి చూశాడు. ఓబులేసు నీడ తన మీద నిండా పరుచుకుని ఉంది. ఒక్క క్షణంలో ఆకాశం రహస్యమూ తన జీవిత రహస్యమూ రెండూ తేలిపోయాయి.

పున్నమి దగ్గర పడుతోంది. పున్నమినాడు గుట్ట మీద సభ జరిగేది. వెన్నెల్లో సన్నచుక్కలు కనపడవు గనక ఆరోజు దుర్భిణికి సెలవు. కిందినుంచి కాలేజీలో చెప్పేవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు వచ్చేవాళ్లు. శిష్యుల్లో ఎవరికైనా కొత్త సంగతి తెలిస్తే అందరి ముందు నిలబడి చెప్పాలి. జంటలో రెండోవాడు పక్కన నిలబడి "నేనూ చూసినా" అనాలి. ఆ మాట పడకపోతే మొదటివాడు ఎంత గొప్పగా చెప్పినా సభ ఒప్పుకోదు.

కిరీటి తన ప్రసంగం తయారు చేసుకున్నాడు. 'ఓ సింగారీ, నీ సింగారమునకు నీ సరసనున్న చీకటియే శత్రువు' అని మొదలుపెట్టాడు. గుట్ట మీద మేసే మేకలకు రెండుసార్లు వినిపించాడు. మేకలు బాగానే విన్నాయి.

ఇక మిగిలింది ఓబులేసు.

"సభలో 'నేనూ చూసినా' అంటావు గదా?"

ఓబులేసు వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఒక కాయ ఒలిచి, పప్పులు చేటలో వేసి, పొట్టు పక్కన పెట్టి, అప్పుడు నోరు తెరిచాడు. "సింగారిని చూసినానప్పా. అడ్డం వచ్చినోణ్ని చూల్లేదే."

"వాడు నల్లగా ఉంటాడురా, కనపడడు!"

"కనపడనోణ్ని చూసినానని ఎట్ల చెప్పేది?"

"సింగారి మసకబారడం చూసినావు గదా?"

"చూసినా."

"మరింకేం?"

ఓబులేసు ఇంకో కాయ తీసుకున్నాడు. "ఎందుకు మసకబారిందో నాకింకా తెలీలేదప్పా. ఇంకొన్నాళ్లు చూస్తా."

"పున్నమి వచ్చేసిందిరా!"

"పున్నమి మళ్లీ వస్తాది గదా."

కిరీటికి కాళ్ల కిందినుంచి మంట లేచింది. ఆ మంటను అణుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఓబులేసూ, నాకోసం చెప్పరా."

ఓబులేసు నిజంగానే బాధపడ్డాడు. "నీకోసమైతే ఇంకేదన్నా అడగప్పా. నీ గుడ్డలుతుకుతా. తేలు కుట్టినా నీ చాప నేనే దులుపుతా. ఇదొక్కటి మాత్రం ఇంకా చూడాల."

కిరీటి నేరుగా అయ్యవారి దగ్గరికి నడిచాడు.

అయ్యవారు గడప మీద కూర్చుని, పాత మెత్తటి పంచెముక్కతో చిన్న అద్దమొకటి తుడుస్తున్నారు.

"అయ్యవారూ, నాకు జంట మార్చండి. లేకుంటే నేను గుట్ట దిగిపోతా."

"ఏమైంది నాయనా?"

"సింగారికి పట్టిన గతే నాకూ పట్టింది."

అయ్యవారు అద్దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "నీకూ నగలుండాయా?"

"నవ్వకండి అయ్యవారూ. నేనొక్కణ్నే ఉంటే ఈపాటికి ఎన్ని చుక్కలు చూసుండేవాణ్ని! వాడు అన్నానికి కూర్చుంటే పొద్దు గూకుతాది. చుక్కను చూడ్డానికి కూర్చుంటే చుక్క గూకుతాది. వాడు నాకు అడ్డం. నా వెలుగంతా వాడి దగ్గరే ఆగిపోతాంది."

అయ్యవారు అద్దం మీద చివరి మరక తుడిచారు. "అట్లే కానీ," అన్నారు.

కిరీటి బిత్తరపోయాడు. ఇంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. చెప్పాల్సినవి ఇంకా చాలా మిగిలిపోయాయి. వాటినేం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"జంట తెగితే ఒకడు దిగాల. అది కట్టుబాటు," అన్నారు అయ్యవారు. "ఓబులేసు దిగుతాడు. కొత్తోడు వచ్చేదాకా నీకు నేనే జంట."

ఓబులేసును పిలిచారు. వాడొచ్చి చేటతో సహా నిలబడ్డాడు.

"రేపు ఊరికి పో నాయనా."

ఓబులేసుది నాపరాళ్ల గనుల ఊరు. గుట్ట దిగితే మళ్లీ గనిలోకే దిగాలి. అక్కడ పగలు రాయి కొడితే లేచే దుమ్ము రాత్రికి కూడా కింద పడదు. ఆకాశం ఉందని నమ్మడమేగానీ చూడ్డం ఉండదు. ఆ ఊళ్లో చుక్కల కోసం ఇల్లు విడిచిన మొదటివాడు ఓబులేసు. వాళ్లమ్మ గుట్ట కిందిదాకా తోడొచ్చి, ఏడవకుండా వెనక్కి పోయింది.

ఇదంతా కిరీటికి తెలుసు.

ఓబులేసు చేటలోని పప్పులన్నీ ఒక పక్కకు చేర్చాడు. తర్వాత, "నేను తప్పు చేసినానా అయ్యవారూ?" అన్నాడు.

"లేదు."

"అయితే సరే."

చేట పట్టుకుని నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "రేపు తిని పోవాల్నా, తినకనే పోవాల్నా?"

"తిని పో నాయనా."

ఆ సాయంత్రం కిరీటి సంతోషంగా ఉండాలనుకున్నాడు. ఉన్నాడు కూడా. కాకపోతే ఆ సంతోషం కొత్త చెప్పులాగా ఎక్కడో కొరుకుతోంది.

మర్నాడు ఓబులేసు చాప చుట్టాడు. విప్పి, దులిపి, మళ్లీ చుట్టాడు. మూట కట్టాడు. మూట కింద తువ్వాలు ఉండిపోయిందని మూట విప్పాడు. పొద్దున్నే పోతానన్నవాడు బయల్దేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అయ్యవారి పాదాలకు దణ్నం పెట్టాడు. మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసి, "కిరీటీ, దుర్భిణికి గుడ్డ కప్పడం మర్చిపోవద్దప్పా, మంచు పడతాది," అన్నాడు.

కిరీటి వినపడనట్టు నిలబడ్డాడు.

మధ్యాహ్నం కిందూరినుంచి గేదెపాలు వచ్చాయి. ఇన్నాళ్లూ పాలు కాచే పని ఓబులేసుది. ఎందుకంటే అయ్యవారికి మిగిలిన ఒకే ఒక్క లోకవాంఛ మీగడ. సాయంత్రం నమాజు ముగించుకుని, జొన్నరొట్టె మీద మందంగా మీగడ పరిచి, చిటికెడు చక్కెర చల్లి, కళ్లు మూసుకుని తినేవారు. ఆ కాసేపు దుర్భిణి పిలిచినా పలికేవారు కాదు.

"పాలు నువ్వు కాచు నాయనా," అన్నారు అయ్యవారు. "ఓబులేసులాగా పొయ్యి ముందర కునికిపాట్లు పడొద్దు. నువ్వు చురుకైనోడివి. గరిటె పట్టుకుని తిప్పుతానే ఉండు. కాగేటప్పుడు తిప్పు, దించినాక తిప్పు. నేను వచ్చేదాకా ఆపొద్దు."

కిరీటి ఉత్సాహంగా లేచాడు. ముందు ఇత్తడి గిన్నె తోమాల్సి వచ్చింది. తన వైపున్న పక్కను బూడిదతో తళతళలాడించాడు. అవతలి పక్క పొగ మసి పట్టి ఉంది. దాన్నెవరు చూస్తారులే అని వదిలేశాడు.

పాలు పొయ్యి మీద పెట్టి తిప్పసాగాడు. పాలు కాగాయి, దించాడు, తిప్పుతూనే ఉన్నాడు. కుడిచెయ్యి లాగేస్తే ఎడమచేత్తో తిప్పాడు. అదీ లాగేస్తే రెండు చేతులతో తిప్పాడు. పాలు గిర్రున సుడి తిరుగుతుంటే, తను ఆకాశాన్నే తిప్పుతున్నట్టు ఊహించుకున్నాడు. కాసేపటికి ఆ ఊహ కూడా అలిసిపోయింది.

అయ్యవారు నమాజు చేసుకుని వచ్చారు. కాళ్లు మడుచుకుని కూర్చున్నారు. రొట్టె ముందు పెట్టుకున్నారు. చక్కెర డబ్బా మూత తీశారు.

"మీగడ యాడ?"

కిరీటి గిన్నెలోకి చూశాడు. పాలు చల్లారి ఉన్నాయి. పైన మీగడ పొర కాదుగదా, తరక కూడా లేదు.

"లేదయ్యవారూ."

"నీళ్లు కలిపిన పాలా?"

"కాదు, చిక్కగానే ఉండాయి."

"వేరే గేదెవా?"

"అదే గేదె."

"మరి నిన్న ఇంత మందం కట్టిందే?"

కిరీటికి ఏడుపొక్కటే తక్కువ. "మీరే గదయ్యవారూ తిప్పమన్నారు! తిప్పుతా ఉంటే మీగడ యాడ కడతాది? ఉన్నదంతా పాలల్లోనే కలిసిపోతాది. నిలకడగా పెడితే గదా పైకి తేలేది!"

"ఓహో," అన్నారు అయ్యవారు, ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టు.

చక్కెర డబ్బా మూత పెట్టేశారు. ఉత్త రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నారు. కిరీటి ఆ నమలడమే చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

పొద్దు గూకింది. ఆ వేళ నమాజు కూడా అయింది. అయ్యవారు పాలను కుండలోకి వంపి, ఖాళీ గిన్నెను చేత్తో పట్టుకుని బయటికొచ్చారు. పిట్టగోడ మీద దాన్ని బోర్లించారు. కాస్త ఇవతల లాంతరు పెట్టారు.

"ఆ లాంతరు వెనక నిలబడి చూడు. ఈ గిన్నెకు ఎన్ని గింజలు?"

"దేనికయ్యవారూ?"

"జంట అడిగితే చెప్పాల."

లాంతరు వెలుగు పడి ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. "ఏడు," అన్నాడు కిరీటి.

అయ్యవారు గిన్నెను అరచేత్తో నెమ్మదిగా తిప్పసాగారు.

"ఇప్పుడు?"

"ఆరు... ఐదు. తగ్గుతాంది."

"ఇప్పుడు?"

"రెండు. బాగా మసకేసింది."

"ఇప్పుడు?"

"మళ్లీ పెరుగుతాంది. నాలుగు, ఐదు..."

"మధ్యలో ఎవరు అడ్డం వచ్చినారు?"

"ఎవరూ రాలేదే."

"మరి మసకెందుకేసింది?"

"ఆ పక్క తోమలేదయ్యవారూ."

"ఎవరు తోమలేదు?"

కిరీటి గోళ్ల సందులోని బూడిద చూసుకున్నాడు. గిన్నె మాత్రం అయ్యవారి చేతికింద మెల్లగా తిరుగుతూనే ఉంది. వెలుగు, మసక, మళ్లీ వెలుగు. తెర దించినట్టు ఒక్కసారిగా కాదు. జారినట్టు, మళ్లీ ఎక్కినట్టు.

సింగారి కూడా అలానే మసకబారేది.

అంతేకాదు. సింగారి మసకబారినప్పుడల్లా పట్టకంలో క్రోమియం గీతలు ముదిరేవి. కళకళలాడినప్పుడు పలచబడేవి. అది కిరీటి తన కళ్లతో తానే చూశాడు. చూసి, ప్రసంగంలో ఇమడదని వదిలేశాడు.

అంటే నగలు ఒంటినిండా సమంగా లేవు. ఒక పక్క తెట్టెకట్టి ఉన్నాయి. సింగారి తిరిగేటప్పుడు ఆ పక్క మనవైపు వస్తే మసక, అటు పోతే వెలుగు. అడ్డం ఎవరూ రాలేదు. తన మసక తనదే.

కిరీటి మనసు ఒప్పుకోలేదు.

"అయితే ఆ తోడు ఎందుకుందయ్యవారూ? ఊరికే పక్కనుందా?"

అయ్యవారు గిన్నె తిప్పడం ఆపారు. "సింగారి గీతలు సన్నగా ఎందుకుంటాయి?"

"నెమ్మదిగా తిరుగుతాది గనక. వేగంగా తిరిగే చుక్కల గీతలు పాకిపోతాయి."

"తక్కిన తెల్లచుక్కలన్నీ బొంగరాలే గదా. ఇదొక్కటే ఎందుకు నెమ్మది?"

ఇది కిరీటికి బాగా తెలిసిన పాఠం. గడగడా అప్పజెప్పాడు. "తోడుచుక్క లాగి పట్టుకుంటాది గనక. తోడు లేకుంటే ఇది కూడా బొంగరంలా గిర్రున తిరుగుతాది. అప్పుడు లోపలున్న లోహాలన్నీ కలిసిపోయి, పైకి ఒక్కటీ తేల..."

మాట అక్కడే ఆగిపోయింది.

చేతుల్లో ఇంకా గరిటె తిప్పిన నొప్పి ఉంది.

అయ్యవారు బోర్లించిన గిన్నెను తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. "మిగతా సగం తోము," అన్నారు.

కిరీటి గిన్నె తీసుకుని బూడిదకుప్ప దగ్గర కూర్చున్నాడు. పీచుతో ఒక రుద్దు రుద్దాడు. రెండో రుద్దుకు చెయ్యి ఆగింది. దిగ్గున లేచాడు.

"అయ్యవారూ! వాడు బస్సెక్కేసుంటాడు!"

"ఎవరు, ఓబులేసా?" అయ్యవారు గడ్డం నిమురుకున్నారు. "చెప్పలేం. ప్రయత్నమైతే చేస్తానే ఉంటాడు."

కిరీటి గుట్ట దిగడం తేళ్లు కూడా పక్కకు తప్పుకుని చూశాయి. రాళ్లు దొర్లాయి. తుమ్మముల్లు పట్టుకుని చొక్కా చిరిగింది. బస్సులు ఆగే చోట గంగులమ్మ టీ అంగడి దీపం దూరంనుంచి కనిపిస్తుంటే, ఆ దీపం కింద ఎవరూ లేకపోతే ఏం చెయ్యాలన్న ఆలోచన ఒక్కటే గుండెలో కొట్టుకుంది. గని ఊరి పేరైతే తెలుసు. ఆ దుమ్ములో ఓబులేసును ఎట్లా వెతికేది? వెతికి ఏమని పిలిచేది?

దీపం కింద ఓబులేసు ఉన్నాడు. మూట పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

కిరీటికి ఊపిరి అందలేదు. మాట అంతకన్నా అందలేదు.

గంగులమ్మే అందుకుంది. "మీ వోడేనా అబ్బోడా? మధ్యాన్నం నుంచి చూస్తాండా. బస్సు వచ్చినప్పుడల్లా లేస్తాడు. ముందరుండే బోర్డు చదువుతాడు. అది చాలదని పక్కకు పోయి, పక్కనుండే బోర్డు చదువుతాడు. మా ఊరికేనా అని నన్నడుగుతాడు. మీ ఊరికే నాయనా అంటా. అప్పుడు మూట తీసుకునేదానికి వెనక్కొస్తాడు. బస్సు పోతాది!"

"తప్పు బస్సెక్కితే కష్టం గదత్తా," అన్నాడు ఓబులేసు. తర్వాత కిరీటిని చూశాడు. చిరిగిన చొక్కా చూశాడు. "తేలు కుట్టిందా అప్పా?"

"లేదు."

"మరి?"

కిరీటి దారిపొడుగునా ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. అన్నీ గొప్ప మాటలే. ఒక్కటీ బయటికి రాలేదు.

"సింగారికి ఎవరూ అడ్డం రాలేదంటరా," అన్నాడు. "దాని మసక దానిదే. తోడు దాన్ని పట్టుకుంది, అంతే. పట్టుకుంది గనకే దానికన్ని నగలు."

ఓబులేసు ఆ మాటలను ఒక్కొక్కటే లోపలికి తీసుకున్నాడు.

"ఎవరు చెప్పినారు?"

"అయ్యవారు. గిన్నె తిప్పి చూపించినారు."

"గిన్నె గిన్నెనే గదప్పా," అన్నాడు ఓబులేసు. "సింగారిని చూడాల."

లేచి అంగడి పందిరి దాటి బయటికి నడిచాడు. పడమటి దిక్కున గుట్ట భుజం మీద సింగారి వెలుగుతోంది, కొప్పులో తురుముకున్న ఒంటి మల్లెమొగ్గలాగా. ఓబులేసు తువ్వాలుతో కన్ను తుడుచుకుని తల పైకెత్తాడు. మూట బల్ల మీదే ఉంది.

కిరీటి పక్కన నిలబడ్డాడు. ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు.

"మరి పున్నమికి చెప్పాల్సింది?" అన్నాడు ఓబులేసు, తల దించకుండానే.

"వచ్చే పున్నమికి చెబుదాం."

"అది కూడా తొందరేనప్పా."

"సరే. నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

మలుపులో లైట్లు వెలిగాయి. గని ఊరి బస్సు వచ్చి ఆగింది. "ఇదే ఆఖరిది! ఇది తప్పితే మళ్లీ రేపే!" అని గంగులమ్మ అరిచింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కుతారా? ఆ పైకి చూసే ఆయన ఎక్కుతాడా?" అన్నాడు.

ఓబులేసుకు ఆ మాట వినిపించినట్టు లేదు. వాడు ఇంకా సింగారి దగ్గరే ఉన్నాడు.

కిరీటి తల అడ్డంగా ఊపాడు. కండక్టరు విజిలేశాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

దుమ్ము అణిగాక కిరీటి బల్ల మీద కూర్చున్నాడు. ఓబులేసు మూటను కింద పడకుండా తన ఒళ్లోకి తీసుకున్నాడు.

"గంగులమ్మత్తా, రెండు టీలు," అన్నాడు. "తొందరేం లేదు."